పరుపు కింద తెడ్లు

ఆ వేసవంతా నేను పడవ తెడ్లు పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను. అటు దొర్లినా ఇటు దొర్లినా నడుముకు ఒత్తుకునేవి. పక్కనే పడుకున్న నా మొగుడు డెల్‌కి అవి అక్కడున్నాయని తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలుసు. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా ఇద్దరం వాటి ఊసెత్తకుండా వాటి మీదే నిద్రపోయాం.

డెల్ ఇరవై ఎనిమిదేళ్ళు అడవిలో చెట్లు కొట్టాడు. అంతకు ముందటేడు జనవరిలో పైన ఎక్కడో చిక్కుకుని ఉన్న కొమ్మ జారి నెత్తిన పడింది. హెల్మెట్ పగిలింది గాని తల పగల్లేదని ఆసుపత్రిలో అందరూ సంతోషించారు. మార్చిలో మొదటి మూర్ఛ వచ్చింది, మా వంటింట్లో, కాఫీ కప్పు చేతిలో ఉండగానే. ఆ తర్వాత నెలకొకటి, ఒక్కో నెల రెండు. డాక్టరు ఒక కాగితం మీద రాసిచ్చాడు: కారు నడపకూడదు, నిచ్చెన ఎక్కకూడదు, రంపం ముట్టుకోకూడదు, తొట్టి స్నానం పనికిరాదు, నీళ్ళలోకి దిగకూడదు. అడుగున గీత గీసి, ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన ఉండాలి అని రాశాడు. ఆ ఎవరో ఒకరు నేనే. మాకు పిల్లల్లేరు. బడి వంటింట్లో పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని మానేశాను.

ఒక చలికాలమంతా డెల్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. అది చూడలేకే లైల్ అడిగినప్పుడు సరేనన్నాను. లైల్ ఎంగెల్ మా ఊరికి ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న అభయారణ్యంలో అధికారి. అక్కడ రాస్కో సరస్సు దగ్గర గుడారాలు వేసుకునే చోటు ఒకటి ఉంది. ట్రౌట్ చేపల వేట మొదలయ్యే రోజు నుంచి సెప్టెంబరు చివరి దాకా ఎవరైనా దంపతులు అక్కడే చక్రాల మీది ఇల్లు లాంటి ట్రైలర్‌లో ఉండి వచ్చేపోయేవాళ్ళను చూసుకోవాలి. పటాలు ఇవ్వడం, మరుగుదొడ్డి కడగడం, పడవలకు ఇంజన్లు పెట్టకూడదని చెప్పడం, లూన్ పక్షులు గూడు పెట్టుకున్న మూలకు ఎవరినీ పోనివ్వకపోవడం, ఇంతే పని. నీళ్ళ పక్కన ఉండడానికి ఒప్పుకుంటాను గాని నీళ్ళ మీదికి వెళ్ళకూడదని డెల్‌కి షరతు పెట్టాను. తలూపాడు. తలూపినవాడు పికప్ వెనక తన పచ్చ పడవ కూడా ఎక్కించాడు. పెళ్ళయిన కొత్తలో తన చేత్తో చేసుకున్న పడవ అది. ఎందుకని అడిగితే, ఇంటి దగ్గరుంటే ఎండకు పగులుతుంది అన్నాడు.

దింపిన సాయంత్రమే తెడ్లు తీసి పరుపు కింద పెట్టాను.

సరస్సు ముప్ఫై ఎకరాలుంటుందేమో. ఈ ఒడ్డున నిలబడి పిలిస్తే ఆ ఒడ్డున వినపడుతుంది. చుట్టూ పైన్ చెట్లు, పడమర పక్క నిటారుగా కొండ, బయటికి పోవడానికి ఒకే ఒక మట్టిదారి. వచ్చినవాళ్ళంతా ఒకే మాట అనేవారు, ఎంత అదృష్టవంతులండీ మీరు, ఇలాంటి చోట ఉంటున్నారు అని. నేను నవ్వి పటం చేతికిచ్చేదాన్ని. వాళ్ళు ఉదయమే పడవలు దింపేవారు, మధ్యాహ్నం తడిసి వచ్చేవారు, ఆదివారం సామాను కట్టుకుని వెళ్ళిపోయేవారు. నేను పద్దెనిమిది అడుగుల ట్రైలర్‌కి, డెల్ వీపుకి మధ్య తిరిగేదాన్ని. అతను ఒడ్డుకు నడిస్తే నేనూ ఒడ్డుకు. కట్టెలు పేర్చడానికి వెళితే నేనూ అక్కడికే. అతను మరుగుదొడ్లోకి వెళితే బయట నిలబడి లోపల చప్పుడు వినేదాన్ని. మొదట్లో డెల్ దాన్ని నవ్వులాటగా తీసుకున్నాడు. నేను అడక్కముందే లోపలినుంచి, "బతికే ఉన్నా, నోరీన్" అని కేకేసేవాడు. బయట వంతు కోసం నిలబడ్డవాళ్ళు నా మొహం చూసేవారు. మే నెల గడిచేసరికి ఆ కేక మానేశాడు.

చేపలు పట్టేవాళ్ళు అతని దగ్గరికి వచ్చి గాలానికి ఎరగా ఏ బొమ్మ ఈగ కట్టాలి, ఎంత లోతున వెయ్యాలి అని అడిగేవారు. డెల్ నీటి రంగు చూసి చెప్పేవాడు. వాళ్ళు వెళ్ళి, అతను చెప్పిన చోట, అతను చెప్పిన చేప పట్టుకొచ్చి చూపించేవారు. బాగుంది, బాగుంది అనేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని కాబట్టి అలా అంటున్నప్పుడు అతని చేతులు ఏం చేస్తున్నాయో చూసేదాన్ని. ప్యాంటు జేబుల్లో పిడికిళ్ళు బిగించుకుని ఉండేవాడు.

తెడ్ల గురించి ఒక్కసారే అడిగాడు. జూన్ మొదట్లో, అట్లు తింటూ.

"ఒడ్డు వెంబడే పోతా. పది నిమిషాలు. నువ్వు చూస్తూనే ఉండు."

"చూస్తూ ఉండి ఏం చెయ్యను? నాకు ఈత రాదు."

"తేలే కోటు వేసుకుంటా."

"మొహం నీళ్ళలోకి పడితే కోటేం చేస్తుంది, డెల్?"

అతను అట్టు ముక్క నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. కాని ప్రతి శనివారం పడవను బోర్లించి తుడిచేవాడు. లేని గీతలకు రంగు పూసేవాడు. తిట్టినా బాగుండేది. ఆ నెల్లోనే ఒకసారి ఒడ్డుకు దిగే బాటలో, ఒకసారి ట్రైలర్‌లో పడ్డాడు. ప్రతిసారీ చేసినట్టే గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపు వచ్చిందో డాక్టరుకి చెప్పాలి కదా. రెండు నిమిషాల పది సెకన్లు. ఒక నిమిషం యాభై. పుస్తకంలో రాసుకున్నాను.

జూలైలో హెస్టర్ వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, పోస్టాఫీసులో చేసి రిటైరైంది. ఏటా ఒంటరిగా వచ్చి ఏడో నంబరు చోట గుడారం వేసి నెల రోజులు ఉంటుందట. కారు మీద సన్నటి తేలిక పడవ, కెనూ, కట్టుకుని వచ్చింది. రెండో రోజు నా దగ్గరికి వచ్చి, తన కుడి భుజం పట్టేసిందని, ముందు కూర్చుని తెడ్డు వెయ్యడానికి మనిషి కావాలని అంది. నాకు కుదరదని డెల్ సంగతి చెప్పాను. ఈత రాదని కూడా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, ఆయన పొద్దున ఎన్నింటికి లేస్తాడు అని అడిగింది. మందుల మత్తు, ఏడు దాకా కదలడు అన్నాను.

"అయితే అయిదింటికి రా" అంది.

"ఆయన్ని నీళ్ళ దగ్గరికే పోనివ్వను, నేనెలా వస్తానండీ?"

"డాక్టరు ఆయనకి వద్దన్నాడు. నీకేం వద్దన్నాడు?"

మర్నాడు అయిదింటికి వెళ్ళాను. రేవు మా ట్రైలర్ కిటికీకి ఎదురుగానే ఉంటుంది, ఇరవై అడుగుల్లో. డెల్ గోడవైపు తిరిగి గుర్రు పెడుతున్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్టు దిగాను.

మొదటి పది నిమిషాలూ పడవ అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత హెస్టర్ తెడ్డు అందించింది. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. ఒడ్డున మా ట్రైలర్ అగ్గిపెట్టెలా కనపడింది. అందులో ఒక మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో నాకు తెలియలేదు. పదహారు నెలల్లో మొదటిసారి తెలియలేదు. గుండె దడదడలాడింది. తర్వాత దడ తగ్గింది. ఇంకా తర్వాత, లూన్ తల్లి పిల్లను వీపున ఎక్కించుకుని మా ముందు నుంచే పోతుంటే చూస్తూ, డెల్ సంగతి కాసేపు మరిచేపోయాను. అది గుర్తొచ్చి తెడ్డు ఎత్తి ఒడ్డు వైపు చూశాను.

ఆరున్నరకు వెనక్కి వచ్చాను. అతను అలాగే గోడవైపు పడుకుని ఉన్నాడు. లేచాక నా ప్యాంటు కాళ్ళు ఎందుకు తడిశాయని అడిగితే మరుగుదొడ్డి కడిగానని చెప్పాను. మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. మూడు వారాల పైన, హెస్టర్ ఉన్నన్నాళ్ళూ ఒక్క రోజు మానలేదు. అబద్ధం కూడా ఒక్కరోజు మానలేదు. అతని తెడ్లు పరుపు కింద దాచి, నేను వేరే తెడ్డు పట్టుకుని అదే నీళ్ళ మీద తిరిగి వస్తున్నాను. పట్టుబడ్డ దొంగకైనా కాస్త నెమ్మది ఉంటుంది. నాకు పొద్దున ఒక గంటన్నర తప్ప రోజంతా సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గంతా అతని మీద విసుగుగా బయటికొచ్చేది. చొక్కా గుండీ పెట్టుకోలేదని కసురుకునేదాన్ని. కూర్చోమని, లేవమని, అటు పోవద్దని చెప్తూనే ఉండేదాన్ని. డెల్ చెప్పినట్టల్లా చేసేవాడు.

ఆగస్టు మొదటి వారంలో హెస్టర్ వెళ్ళిపోయింది. వెళ్తూ నన్ను వాటేసుకుని, వచ్చే ఏడు కలుద్దాం అంది. ఆ మర్నాడు అలవాటుగా అయిదింటికి మెలకువ వచ్చింది. వెళ్ళడానికి చోటు లేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాను. ట్రైలర్ పైకప్పు చేయి చాపితే అందుతుంది.

ఆ ఏడు జూన్ తర్వాత చినుకు పడలేదు. ఆగస్టు పదిహేనున, వాన లేకుండా ఒట్టి పిడుగులు పడ్డాయి. పదహారున పడమటి కొండ వెనక పొగ లేచింది. పదిహేడు మధ్యాహ్నం రెండింటికి లైల్ జీపులో వచ్చి అందరినీ ఖాళీ చెయ్యమన్నాడు. ఆరు కుటుంబాలున్నాయి. మమ్మల్ని మాత్రం వాళ్ళను పంపించి, గుడారాల్లో ఎవరూ మిగల్లేదని చూసుకుని, చివరగా రమ్మన్నాడు. తను పై సరస్సు దగ్గర ఉన్నవాళ్ళకు చెప్పడానికి వెళ్ళాడు. మేం అన్నీ చూసుకుని పికప్ ఎక్కేసరికి మూడయింది. నేనే నడిపాను. ఒకటిన్నర మైలు పోయాక మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా మండుతున్న చెట్టు పడి ఉంది. దాని వెనక మరోటి. తిప్పడానికి చోటు లేక అరమైలు వెనక్కే నడిపాను. డెల్ తల బయటపెట్టి, ఎడమకి, ఇంకా ఎడమకి, ఆగు, ఇప్పుడు రా, అని చెప్తూ వచ్చాడు. ఆ గొంతు విని ఏడాదిన్నర అయింది. అడవిలో పనివాళ్ళతో మాట్లాడే గొంతు.

సరస్సు దగ్గరికి తిరిగొచ్చి, లైల్ మాకిచ్చిన చేతి రేడియోలో అతన్ని పిలిచాను. అతను, "నీళ్ళ మీదికి వెళ్ళిపోండి, నోరీన్. మధ్యలోకి. దుప్పట్లు తడిపి కప్పుకోండి. మేం వస్తాం గాని ఎప్పుడని చెప్పలేను" అన్నాడు.

నేను ట్రైలర్‌లోకి పరిగెత్తి పరుపు ఎత్తి తెడ్లు లాగాను. బయటికి వచ్చేసరికి డెల్ పడవను తిరగేసి నీళ్ళలోకి తోసి, తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెడ్లు అందించాను. అతను నా మొహం చూడకుండా అందుకుని వాటి చోట్లో పెట్టాడు. ఇద్దరం తేలే కోట్లు వేసుకున్నాం. నా కోటు తాళ్ళు అతనే కట్టాడు.

యాభై అరవై తోపుల్లో మధ్యకు తీసుకెళ్ళాడు. అతని చేతులు ఏదీ మరిచిపోలేదు. లంగరు వదిలాడు. తడి దుప్పటి ఇద్దరి మీదా కప్పాడు. కొండ మీది నుంచి మంట చెట్టు చెట్టుకీ ఎక్కుతూ ఒడ్డుకు దిగింది. ఆ చప్పుడు గూడ్సు బండి ఆగకుండా పోతున్నట్టు ఉంది. బూడిద నీళ్ళ మీద పడి తేలుతోంది. తూర్పు ఒడ్డున మూడు జింకలు మెడ దాకా నీళ్ళలో దిగి నిలబడ్డాయి. దుప్పటి పావుగంటకోసారి ఆరిపోతుంటే ముంచి తీసి మళ్ళీ కప్పుకుంటున్నాం.

నాకు మంట భయం కాదు అప్పుడు. అతన్నే చూస్తూ కూర్చున్నాను. అతను కన్ను ఆర్పితే చాలు, మూర్ఛ వచ్చిందేమో అనుకుంటున్నాను. డెల్ దుప్పటి కింద మెల్లగా మాట్లాడాడు.

"నీ పట్టు తప్పు, నోరీన్."

"ఏ పట్టు?"

"తెడ్డు పట్టు. పై చెయ్యి కొస మీద పెట్టి తోయాలి. నువ్వు చీపురుకట్ట పట్టుకున్నట్టు పట్టుకుంటావు. అందుకే ఎప్పుడూ కుడికి లాగేసేది పడవ."

నేను ఆరిన దుప్పటి అంచు నీళ్ళలో ముంచాను.

"రోజూ చెబుదామనుకునేవాణ్ణి" అన్నాడు. "చెబితే నిద్రపోవట్లేదని తెలిసిపోతుంది కదా."

"గుర్రు పెట్టేవాడివి."

"బాగానే పెట్టేవాణ్ణి, కదా."

అతను నన్ను తప్పు పట్టలేదు. ఎందుకు దాచావని అడగలేదు. మూడు వారాలు రోజూ అయిదింటికి మేలుకుని, గోడవైపు తిరిగి, నేను మెట్టు దిగేదాకా గుర్రు పెట్టి, ఆ తర్వాత మోకాళ్ళ మీద లేచి కిటికీలోంచి చూసేవాడట. ఎనిమిదో రోజుకి నా భుజాలు కిందికి దిగాయట. అంతవరకూ చెవుల దాకా ఎత్తుకుని కూర్చునేదానివి అన్నాడు. నేను వచ్చే అలికిడి వినగానే మళ్ళీ పడుకునేవాడట. నాకోసం నటించానని అనలేదు. "నీకు ఆ గంటన్నర కావాలనిపించింది" అని మాత్రం అన్నాడు.

ఏమైనా అందామని నోరు తెరిచాను. అప్పుడే వచ్చింది. అతని కళ్ళు పక్కకు పోయాయి, మెడ బిగుసుకుంది, పడవ అడుగున ఒరిగిపోయాడు. తన్నులకు ఒక తెడ్డు జారి నీళ్ళలో పడింది. నేను దానికోసం చెయ్యి చాపలేదు. పడవ ఊగుతోంది. అతని తలను నా ఒళ్ళోకి తీసుకుని, పక్కకు తిప్పి, రెండు కాళ్ళతో పడవ పక్కల్ని తన్నిపట్టి కూర్చున్నాను. పదిహేడు నెలలుగా నేను కాపలా కాసింది దీనికే. నీళ్ళ మీద, ఒంటరిగా, సాయం వచ్చే దారి లేకుండా. అదే జరిగింది. కాసేపు ఉంది. తర్వాత పోయింది. నేనేమీ చెయ్యలేదు. పడవ నిలకడకొచ్చింది. అతను పెద్దగా ఊపిరి తీసుకున్నాడు.

తేరుకున్నాక ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"ఎంతసేపు?"

"తెలీదు. చూడలేదు."

అతను నా ఒళ్ళో తల పెట్టుకునే కొంచెంసేపు పొగలోకి చూశాడు.

ఆరింటికి గాలి తిరిగింది. మంట పడమటి ఒడ్డంతా నల్లగా చేసి ఉత్తరానికి పోయింది. ఎడం పక్క మిగిలిన ఒక్క తెడ్డుతో నేనే ఒడ్డుకు తెచ్చాను. డెల్ వెనక కూర్చుని, నీరసంగా, "చెయ్యి పైన, ఇంకా పైన" అంటూ వచ్చాడు. ట్రైలర్ మసి పట్టింది గాని నిలిచింది. వేసవంతా నేను కడిగి కడిగి ఉంచిన మరుగుదొడ్డి ఒక్కటే కాలి బూడిదయింది. దాన్ని చూసి ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాం. మర్నాడు పొద్దున లైల్ రంపాలు పట్టుకున్న మనుషులతో వచ్చేసరికి డెల్ పొయ్యి మీద గుడ్లు వేయిస్తున్నాడు. నేను రేవులో ఉన్నాను. అతని వైపు వీపు పెట్టి, నీళ్ళ వైపు చూస్తూ.

అక్టోబరులో నేను మళ్ళీ బడి వంటింటికి వెళ్ళాను. డెల్ నా డబ్బాలో రొట్టె, మాంసం పెట్టి ఇచ్చాడు. మొదటి రోజు పదింటికి ఇంటికి ఫోను చేస్తే ఎత్తలేదు. రిసీవర్ పెట్టేసి, నూటఎనభై మంది పిల్లలకు బంగాళాదుంపలు వడ్డించాను. ఆ రెండు గంటలూ ఎలా గడిచాయో నేను చెప్పలేను. పన్నెండింటికి తనే చేశాడు, పెరట్లో ఉన్నానని. ఆ చలికాలం నేను లేనప్పుడు రెండుసార్లు పడ్డాడు. ఒకసారి మెడ కింది ఎముక విరిగింది. డాక్టరు నా వైపు చూసి, ఈయన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారు అని అడిగాడు. ఎవరూ లేరండీ అన్నాను. డెల్ నేల వైపు చూసి నవ్వు దాచుకున్నాడు.

ఎనిమిదేళ్ళు బతికాడు. ఏటా జూలైలో రాస్కోకి వెళ్ళేవాళ్ళం. ఒక్కోసారి ఇద్దరం, చాలాసార్లు తనొక్కడే. లైల్ తీసుకెళ్ళి దింపేవాడు. చివరికి పోయింది మూర్ఛతో కాదు, గుండెతో, నవంబరులో ఒక మంగళవారం, మా వరండాలో బూట్లు తొడుక్కుంటూ. నేను పనిలో ఉన్నాను. మూడింటికి వచ్చి చూశాను. ఒక బూటు తాడు కట్టి ఉంది.

అంత్యక్రియల తర్వాత వచ్చినవాళ్ళకు ఇంట్లో భోజనాలు పెట్టాం. డెల్ అక్క జూడిత్ వంటింట్లోకి నా వెనకే వచ్చింది. పొద్దుట్నుంచి ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"నువ్వు పక్కనుంటే బతికేవాడేమో. అలాంటి మనిషిని ఇన్నేళ్ళు వదిలేశావు, నోరీన్."

నేను చేతులు తుడుచుకున్నాను.

"వదిలేశాను, జూడిత్" అన్నాను.

ఆవిడ తెచ్చిన ఆపిల్ కేకు బల్ల మీదే ఉంది. కోసి పళ్ళాల్లో పెట్టి, ముందు ఆవిడకే ఇచ్చాను.